గడ్డానికి కత్తి ఎన్నిసార్లు పెట్టాలి?

మన హాస్టల్ వార్షికోత్సవ సంచిక అనగానే చదువు విలువ, క్రమశిక్షణ, లక్ష్యసాధన మీద వ్యాసాలు వస్తాయి. ఈసారి కూడా వస్తాయి, రాసేవాళ్లకు కొదువ లేదు. పాత విద్యార్థులమైన మేము ఈ సంవత్సరం వేరే విషయం ఎత్తుకున్నాం. చేవెళ్లలో హాస్టల్‌కు వచ్చినప్పుడల్లా, మొయినాబాద్ బస్టాపులో ఎదురుపడినప్పుడల్లా తొమ్మిది, పది తరగతుల తమ్ముళ్లు, కాలేజీ హాస్టళ్లకు మారిన తమ్ముళ్లు కొంచెం సిగ్గుపడుతూ అడిగే ప్రశ్న ఒకటుంది. "అన్నా, ఒక్కసారి గీస్తే గరుకుగా ఉంటోంది. రెండుమూడుసార్లు గీస్తే మంట పుట్టి పొక్కులు లేస్తున్నాయి. అసలు ఎన్నిసార్లు గీయాలె?"

వార్డెన్ గారిని అడగలేరు, నాన్నను అడగలేరు. కాబట్టి జవాబు ముందే చెప్పేస్తాం. వెంట్రుక వాలు వెంట ఒక దఫా. మళ్లీ నురగ రుద్దుకొని, వాలుకు అడ్డంగా ఇంకో దఫా. మొత్తం రెండు. మెడ మీద పొక్కులు లేచే వాళ్లకు ఒక్క దఫాయే. కింది నుంచి పైకి గీసే ఉల్టా దఫా మూడోది, అది చేయి బాగా కుదిరి, చర్మం ఒప్పుకున్న వాళ్లకు మాత్రమే. మీలో చాలామందికి దాని అవసరమే లేదు.

జవాబు ఇంతే అయినా, కారణం తెలియకపోతే అద్దం ముందు నిలబడ్డప్పుడు ఎవరి మాటా గుర్తుండదు. రేపు ఇంటర్వ్యూ ఉందంటే చెంప అద్దంలా మెరవాలని నాలుగైదుసార్లు గీసేవాళ్లను చూశాం. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాం.

ముందు కత్తి సంగతి. మన ఊళ్లల్లో మంగలి కత్తి అంటారు, పట్నం దుకాణాల్లో ఉస్తరా అంటారు. మడతపెట్టే పిడి, ఒకవైపు మందమైన వెన్ను, రెండోవైపు అంచు. పాతకాలం కత్తికి బ్లేడు వేరుగా ఉండదు. సానరాయి మీద నూరి, తోలుపట్టీ మీద సాపు చేసి ఏళ్లకేళ్లు వాడేవారు. తోలు మీద లాగేటప్పుడు వెన్ను ముందు పోవాలి, అంచు వెనక రావాలి, మళ్లించేటప్పుడు వెన్ను మీద దొర్లించాలి. అంచును ముందు పెట్టి తోస్తే తోలూ తెగుతుంది, పదునూ పోతుంది. ఇప్పుడు చేవెళ్ల, మొయినాబాద్ సెలూన్లలో చాలామటుకు కనిపించేది అదే ఆకారంలో ఉండే ఇనుప పట్టీ. రెండంచుల బ్లేడును నడిమికి విరిచి సగం ముక్క అందులో దూరుస్తారు. మన దేశంలో హెచ్.ఐ.వి. మొదటిసారి బయటపడింది 1986లో, మద్రాసులో. తర్వాత ఎయిడ్స్ గురించిన ప్రచారం ఊరూరా సాగిన కాలంలో ఈ సగం బ్లేడు పద్ధతి బాగా పాకింది. నూరే పని తప్పింది, కానీ పట్టే తీరు, గీసే తీరు, దఫాల లెక్క పాత కత్తికీ దీనికీ ఒక్కటే.

ఈ కత్తి మనవాళ్ల చేతికి ఎట్లా వచ్చిందో కూడా ఇక్కడే చెప్పుకోవాలి. మన హాస్టల్‌లో చదివిన పెద్దవాళ్లలో చాలామంది గడ్డం గీయడం చూసింది సెలూన్ కుర్చీలో కాదు, వాడలోనే. చింతచెట్టు కింద ఎవరో ఒక పెదనాన్నో చిన్నాన్నో కత్తి పట్టేవాడు, మిగతావాళ్లు వరుసగా కూర్చునేవాళ్లు. మనకు కత్తి పెట్టే మంగలి ఊళ్లో లేక కాదు. ఉన్నా పెట్టేవాడు కాదు.

డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ తన చిన్ననాటి సంగతులు రాసుకున్న 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో ఇదే ఉంది. ఆయన చిన్నతనంలో సతారాలో ఇంట్లోవాళ్లకు జుట్టు కత్తిరించింది, క్షవరం చేసింది ఆయన అక్క. సతారాలో మంగళ్లు ఉన్నారు, వాళ్లకిచ్చే డబ్బులూ ఇంట్లో ఉన్నాయి. అయినా అంటరానివాళ్లకు కత్తి పెట్టడానికి ఏ మంగలీ ఒప్పుకోకపోవడంతో ఆ పని అక్క మీద పడింది. తమ్ముళ్ల తలల మీద చేసీ చేసీ ఆమె ఆ విద్యలో ఆరితేరిందని ఆయన రాశారు. అంబేద్కర్ అనగానే కొలంబియా యూనివర్సిటీ, రాజ్యాంగం గుర్తుచేసుకుంటాం. కత్తెర, కత్తి పట్టిన ఆ అక్కను కూడా గుర్తుచేసుకుంటే బాగుంటుందని మా ఉద్దేశం.

రాజ్యాంగ సభలో 1948 నవంబరు 29న దుకాణాల్లోకి అందరికీ ప్రవేశం గురించి చర్చ వచ్చినప్పుడు, 'దుకాణం' అనే మాటకు అర్థం లోపల అడుగుపెట్టనివ్వడం వరకే కాదని, అక్కడ దొరికే సేవ అడిగిన ప్రతివాడికీ అందాలని అంబేద్కర్ వివరించారు. బట్టలుతికే దుకాణాన్ని ఉదాహరణగా చెప్పారు. 1955లో వచ్చిన అంటరానితనం నేరాల చట్టం ఇంకా సూటిగా రాసింది. దుకాణం అంటే ఏమిటో చెప్పే చోట లాండ్రీని, క్షౌరశాలను పేరుపెట్టి చేర్చింది. 1976 సవరణతో అదే పౌర హక్కుల పరిరక్షణ చట్టం అయింది. అంటరానితనం కారణంగా సేవ నిరాకరిస్తే 6వ సెక్షన్ కింద శిక్ష ఉంది. దుకాణంలోకి రానివ్వకపోవడం, 2015 నాటి సవరణ అమల్లోకి వచ్చిన 2016 జనవరి 26 నుంచి అట్రాసిటీ చట్టం కింద కూడా నేరమే.

చట్టం ఉంటే సరిపోతుందా అంటే, 2024 ఆగస్టులో కర్ణాటకలోని కొప్పళ జిల్లా సంగనాళ గ్రామంలో కటింగ్ కోసం దుకాణానికి వెళ్లిన దళిత యువకుడు అక్కడే జరిగిన గొడవలో హత్యకు గురయ్యాడు. ఇది మన తాతల కాలం కథ కాదు. మీరు హాస్టల్‌లో ఉండగానే పేపర్లో వచ్చిన వార్త.

ఒక్క మాట మాత్రం న్యాయంగా చెప్పాలి. మన హాస్టల్‌లో నాయీ బ్రాహ్మణ కుటుంబాల తమ్ముళ్లు కూడా చదివారు. ఊరి మంగలికి ఏటా కళ్లంలో గింజలు కొలిచేది పెద్ద రైతులే. ఆయన వాడకు వచ్చి కత్తి పెడితే ఆ గింజలు ఆగిపోయేవి. పెళ్లికి సన్నాయి ఊదాలి, గడ్డలు కోసి కట్టు కట్టాలి, చావుకూ పుట్టుకకూ హాజరు కావాలి, ఆయన ఇల్లాలు మంత్రసాని పని చేయాలి. ఇంత చాకిరీ చేయించుకొని ఎవరికి కత్తి పెట్టాలో ఎవరికి పెట్టకూడదో శాసించింది ఎవరో మనకు తెలుసు. ఇవాళ చేవెళ్ల చౌరస్తాలో సెలూన్ పెట్టుకున్న వాళ్ల అబ్బాయికి ఆ గింజల బెదిరింపు లేదు. మనం కూర్చుంటాం, డబ్బులిస్తాం, వస్తాం. రోడ్డు మీది దుకాణం ఆ మాత్రం మేలు చేసింది.

వాడలో కత్తి పట్టినవాళ్లు ఎన్ని దఫాలు గీసేవారు? ఒక్కటే. కత్తి ఒకటి, గడ్డాలు పది. మొదటి చెంపకు ఉన్న పదును పదో చెంపకు ఉండదు. దాంతో వాలు వెంట ఒక్కసారి లాగి వదిలేసేవారు. అవసరం కొద్దీ పెట్టుకున్న ఆ పద్ధతి చర్మానికి మంచిదే అయింది. పదిమందికి ఒకే కత్తి అన్నది మాత్రం మంచిది కాదు. దాని గురించి కింద చెబుతాం.

ఇక వాలు. జొన్నచేను గాలికి ఒకవైపు ఒరిగి ఉంటే కోసేవాడు ఆ ఒరుగు చూసుకొని కొడవలి వేస్తాడు. గడ్డం కూడా అంతే. వెంట్రుక చర్మంలోంచి నిటారుగా రాదు, ఒకవైపు వాలి వస్తుంది. రెండు రోజులు గీయకుండా వదిలి, పొడి చేత్తో చెంప మీద నిమిరి చూడండి. ఒకవైపు నిమిరితే నున్నగా, ఎదురు నిమిరితే ముళ్లలాగా తగులుతుంది. నున్నగా ఉన్న దిక్కే వాలు. చెంపల మీద సాధారణంగా పైనుంచి కిందికి ఉంటుంది. గదమ కింద, మెడ మీద అట్లా ఉండదు. కొందరికి పక్కకు, కొందరికి కింది నుంచి పైకి, కొందరికి తల మీద సుడిలాగే మెడ మీద కూడా సుడి ఉంటుంది. అందరూ తప్పుచేసేది ఇక్కడే. చెంపకు వాలు ఎటుందో మెడకూ అటే అనుకొని కిందికి లాగుతారు. మెడ మీద పైకి వాలు ఉన్నవాడికి అది మొదటి దఫాలోనే ఉల్టా అయిపోతుంది. కాబట్టి మీ మెడను మీరు ఒక్కసారి శ్రద్ధగా చదవండి. వాలు తొందరగా మారేది కాదు, ఒకసారి తెలుసుకుంటే చాలాకాలం పనికొస్తుంది.

తర్వాత నీళ్లు. ఎండిన వెంట్రుక గట్టిగా ఉంటుంది. రెండుమూడు నిమిషాలు నీళ్లలో నానితే ఉబ్బి మెత్తబడుతుంది, తక్కువ బలానికే తెగుతుంది. అందుకే స్నానం తర్వాత గీసుకోవడం మేలు. వేడినీళ్లు హాస్టల్‌లో ఎక్కడివి అంటారా? చన్నీళ్లయినా సరే, తడి గుడ్డ ముఖం మీద రెండు నిమిషాలు పెట్టుకుంటే చాలు. చన్నీళ్ల కంటే మనకు పెద్ద చిక్కు ఉప్పునీళ్లు. మొయినాబాద్ పక్కనే గండిపేట, హిమాయత్‌సాగర్ ఉన్నాయి. 1920లో ఒకటి, 1927లో ఇంకొకటి పూర్తయి హైదరాబాదు దాహం తీర్చాయి. వాటి పరీవాహక ప్రాంతం కోసం 1996లో 111 జీవో వచ్చి మన చుట్టుపక్కల ఊళ్ల మీద ఆంక్షలు పెట్టింది. నీళ్లు పట్నానికి పోతే మన బకెట్లో పడేది బోరు నీళ్లు. వాటిలో సున్నం పాలు ఎక్కువ ఉన్నచోట ఒంటి సబ్బు నురగ కట్టదు, తెల్లటి తెట్టు కడుతుంది. ఆ తెట్టు మీద కత్తి జారదు, పట్టేస్తుంది. కాబట్టి నురగకు మాత్రం ఒక చెంబుడు మంచినీళ్లు పక్కన పెట్టుకోండి. లేదా షేవింగ్ క్రీము వాడండి, అది ఇలాంటి నీళ్లలో సబ్బు కంటే కొంచెం నయంగా పనిచేస్తుంది. బ్రష్షుతో గుండ్రంగా, వాలుకు ఎదురుగా రుద్దితే వెంట్రుక లేచి నిలబడి నురగ అడుగుదాకా పోతుంది.

ఇప్పుడు మొదటి దఫా. ఎడమచేత్తో చర్మాన్ని సాగదీసి పట్టుకోవాలి. ముడత మీద కత్తి పెడితే తెగక తప్పదు. కత్తి చర్మానికి దాదాపు 30 డిగ్రీల వాలులో ఉండాలి. మరీ పడుకోబెడితే వెంట్రుకను తెంపకుండా పీకుతుంది, మరీ నిలబెడితే చర్మాన్ని గీకుతుంది. బరువు వేయకూడదు. కత్తి బరువు కత్తికే చాలు. అంగుళం, అంగుళంన్నర పొడవున చిన్నచిన్నగా వాలు వెంట లాగాలి. చెంపలతో మొదలుపెట్టి, నురగలో ఇంకొంచెం సేపు నానేందుకు వీలుగా మీసం, గదమ చివరికి ఉంచుకోవాలి, అక్కడి వెంట్రుకలు మొండివి. పక్కకు, అంటే అంచు పొడవు దిక్కున, కత్తిని ఎప్పుడూ జరపకూడదు. కూరగాయలు కోసినట్టు చర్మం కోసుకుపోయేది అట్లాగే.

ఈ మొదటి దఫా పని గడ్డాన్ని పొట్టి చేయడమే, నున్నగా చేయడం కాదు. అది అర్థం కాక, గరుకు తగిలిన చోటల్లా అక్కడికక్కడే మళ్లీ మళ్లీ గీకుతారు. నురగ పోయిన చర్మం మీద పడే ఆ గీకుడే మంటకు మూలం. లెక్కకు ఒక దఫా అనుకుంటారు, గదమ మీద మాత్రం ఆరుసార్లు కత్తి తిరిగి ఉంటుంది. దఫాల లెక్కలో అసలు మోసం ఇక్కడుంది. నురగ ఉన్న చోటే కత్తి పోవాలి, నురగ లేని చోట కత్తికి పని లేదు. ఈ ఒక్కటి పాటిస్తే మీ చెంప మీద ఎన్నిసార్లు కత్తి తిరిగిందో నురగే లెక్కపెడుతుంది.

రెండో దఫాకు ముఖం మళ్లీ తడిపి, మళ్లీ నురగ రుద్దాలి. ఈసారి వాలుకు అడ్డంగా, చెవి వైపు నుంచి ముక్కు వైపుకో, ముక్కు వైపు నుంచి చెవి వైపుకో. రైతు మొదటి దుక్కి నిలువుగా దున్ని, రెండోది అడ్డంగా దున్నేది ఎందుకు? మొదటి సాళ్ల నడుమ మిగిలిపోయింది రెండోదానికి తగలాలని. ఇక్కడా అంతే. వాలు వెంట పోయిన కత్తి వెంట్రుకను ఏటవాలుగా కోసి వదిలేస్తుంది. అడ్డంగా పోయిన కత్తి ఆ మిగిలిన మొనను తీసేస్తుంది. ఇప్పుడు చెయ్యి పెట్టి చూస్తే నిమిరిన దిక్కున నున్నగా, ఎదురు నిమిరితే కొద్దిగా గరుకుగా ఉంటుంది. ఆ కొద్దిపాటి గరుకు ఎవరి కంటికీ కనిపించదు. ఇంటర్వ్యూ చేసేవాళ్లు చెంప నిమిరి చూడరు.

మూడో దఫాలో, అంటే ఉల్టాలో ఏం జరుగుతుంది? ఎదురు వచ్చిన కత్తి వెంట్రుకను లేపి, కొంచెం పైకి లాగి, కోస్తుంది. కోసిన తర్వాత మిగిలిన ముక్క వెనక్కి జారి చర్మం మట్టం కంటే లోపలికి పోతుంది. చెయ్యి పెడితే గాజులా ఉంటుంది, నిజమే. కానీ గడ్డం రోజుకు దాదాపు 0.3 నుంచి 0.4 మిల్లీమీటర్లు పెరుగుతుంది. లోపల ఉన్న మొన పైకి రావాలి. వెంట్రుక తిన్ననిదైతే వచ్చేస్తుంది. వంకర వెంట్రుకైతే పైకి రాకుండా పక్కకు తిరిగి చర్మంలోకే గుచ్చుకుంటుంది. శరీరం దాన్ని ముల్లు గుచ్చుకున్నట్టే చూస్తుంది. ఎర్రగా ఉబ్బుతుంది, దురద పెడుతుంది, చీము పట్టవచ్చు, మానిన తర్వాత నల్లమచ్చ మిగులుతుంది. మన రంగు చర్మం మీద ఆ మచ్చ నెలల తరబడి పోదు. మొటిమలు అనుకొని క్రీములు కొనే తమ్ముళ్లలో కొందరికి ఉన్నవి మొటిమలు కావు, ఉల్టా గీతల ఫలితాలు. ఉంగరాల జుట్టు ఉన్నవాళ్లు, గడ్డం వంకీలు తిరిగేవాళ్లు ఈ మూడో దఫాను పూర్తిగా మరిచిపోవడమే మంచిది.

మూడు బ్లేడ్ల రేజర్లతో ఈ బాధ లేదనుకోవద్దు. రెండు బ్లేడ్ల రేజరును జిల్లెట్ కంపెనీ 1971లో, మూడు బ్లేడ్లది 1998లో తెచ్చింది. ముందు బ్లేడు వెంట్రుకను కోస్తూ పైకి లాగుతుంది, అది వెనక్కి జారేలోపు వెనక బ్లేడు ఇంకా కిందికి కోస్తుంది. అంటే మీరు ఒక్కసారి లాగినా చర్మం మీద మూడు అంచులు పోయినట్టే. దానితో మళ్లీ మూడు దఫాలు గీస్తే తొమ్మిది. సగం బ్లేడు ఉస్తరాకో, పాత తరహా ఒక్క బ్లేడు రేజరుకో ఉన్న మేలు ఇది, ఎన్నిసార్లు పోయిందో మన చేతిలో ఉంటుంది.

పొక్కులు ఇప్పటికే ఉన్నవాళ్లు ఏం చేయాలి? మూడు నాలుగు వారాలు కత్తి మానేయండి. కత్తెరతోనో ట్రిమ్మరుతోనో పొట్టిగా ఉంచుకోండి. లోపలికి తిరిగిన వెంట్రుకలు చాలావరకు వాటంతటవే పైకి వస్తాయి. గోటితో గిల్లడం, పిన్నీసుతో లాగడం వద్దు. చీము ఉంటే చేవెళ్ల ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లి చూపించుకోండి. మళ్లీ మొదలుపెట్టినప్పుడు ఒక్క దఫా, వాలు వెంట, అది కూడా రోజు విడిచి రోజు. ఇంకో అపోహ కూడా ఇక్కడే తీర్చేస్తాం. గీసేకొద్దీ గడ్డం దట్టంగా వస్తుందని ఎనిమిదో తరగతి తమ్ముళ్లు రాని గడ్డాన్ని గీకుతుంటారు. గీయడం వల్ల వెంట్రుక మందం గానీ పెరిగే వేగం గానీ మారదని మిల్డ్రెడ్ ట్రాటర్ అనే అమెరికా శాస్త్రవేత్త 1928లోనే కొలిచి చూపించింది. కోసిన మొన మొద్దుగా ఉంటుంది కాబట్టి గరుకుగా తగులుతుంది, అంతే. వచ్చేదాకా ఆగండి.

సెలూన్‌కు వెళ్లేవాళ్లకు. కుర్చీలో కూర్చోగానే నోరు విప్పండి. మామూలుగా సీదా ఒకటి, ఉల్టా ఒకటి కొట్టి వదులుతారు. అడ్డంగా గీయడం తక్కువ. "అన్నా, ఉల్టా వద్దు, సీదానే రెండుసార్లు" అని చెబితే ఎవరూ కాదనరు, పైగా పని తగ్గిందని సంతోషిస్తారు. మన చిలుకూరు బాలాజీ గుళ్లో కోరిక కోరుకునేటప్పుడు 11 ప్రదక్షిణలు, తీరిన తర్వాత 108. అక్కడ లెక్క పెరిగితే పుణ్యం. గడ్డం దగ్గర ఆ లెక్క పనికిరాదు.

రెండో మాట బ్లేడు. మీ కళ్లముందే కొత్త బ్లేడు విరిచి పెట్టాలి. పెట్టకపోతే అడగండి, మొహమాటం వద్దు. హెచ్.ఐ.వి. పేరు అందరికీ తెలుసు కానీ కత్తి దగ్గర అంతకంటే ఎక్కువ భయపడాల్సింది హెపటైటిస్-బి కి. ఆ వైరస్ శరీరం బయట కనీసం 7 రోజులు బతికి ఉండగలదు. కంటికి కనిపించనంత రక్తం అంచు మీద ఉన్నా చాలు. పటికరాయి రుద్దారు కదా అంటారు. పటిక చిన్న గాట్ల రక్తాన్ని ఆపుతుంది, రోగక్రిములను నమ్మకంగా చంపదు. పైగా అదే రాయి పొద్దున్నుంచి ఎందరి చెంపల మీద తిరిగిందో! మీ పటిక ముక్క మీ జేబులో పెట్టుకుపోండి. దుకాణం ఆయన నవ్వితే నవ్వనివ్వండి.

అసలు దుకాణం కంటే మా భయం హాస్టల్ గదుల గురించే. గదికి పన్నెండు మంది, రేజరు ఒకటి. ఆదివారం పొద్దున కుళాయి దగ్గర అది చేతులు మారుతూ పోతుంది. పళ్లెం పంచుకోండి, పుస్తకం పంచుకోండి, దుప్పటి పంచుకోండి. బ్లేడు మాత్రం వద్దు. ఎంత దోస్తు అయినా సరే. వాడలో పెద్దవాళ్లు ఒకే కత్తితో పదిమందికి గీశారంటే వాళ్లకు ఇంకో దారి లేదు. మీకు ఉంది. రేజరు పిడి మీద దారం కట్టో, పేరు గీకో గుర్తు పెట్టుకోండి. వాడిన బ్లేడును కిటికీలో, బాత్రూం గోడ మీద వదలకండి. పాత అగ్గిపెట్టెలో వేసి మూసి పారేయండి, హాస్టల్ ఊడ్చే అమ్మ చేతులు కూడా చేతులే. అన్నట్టు, హెపటైటిస్-బి టీకా దేశమంతటా పసిపిల్లల టీకాల్లో చేరింది 2011 ప్రాంతంలో. అంతకు ముందు పుట్టిన పాత విద్యార్థులు చాలామంది వేయించుకోలేదు. మొదటిది వేయించుకున్నాక నెలకు ఒకటి, ఆరో నెలలో ఒకటి, మొత్తం మూడు సూదులు. ఈ సంచిక చదివే అన్నలకు ఇది మా విన్నపం.

ఖర్చు మాటా చెప్పాలి. మగపిల్లలకు కాస్మెటిక్ చార్జీలు చాలా ఏళ్లు నెలకు 62 రూపాయల దగ్గరే ఆగిపోయాయి. సబ్బు, నూనె, కటింగ్ అన్నీ అందులోనే. 2024 నవంబరులో ప్రభుత్వం వాటిని పెంచి ఎనిమిది నుంచి పదో తరగతి అబ్బాయిలకు 200 చేసింది. 62 రూపాయల రోజుల్లో గదికి ఒక రేజరు అంటే అర్థం చేసుకోగలం. ఇప్పుడు ఎవరి బ్లేడు వాళ్లకు ఉండాలి. వారానికి రెండుసార్లు గీసుకునేవాడికి, ఒక బ్లేడు నాలుగైదుసార్లు వచ్చినా, నెలకు రెండు బ్లేడ్లు చాలు. పట్టుకుపోతున్నట్టు, పీకుతున్నట్టు అనిపిస్తే ఇంకో దఫా గీయకండి, బ్లేడు మార్చండి. మొద్దు బ్లేడుతో నాలుగు దఫాల కంటే కొత్త బ్లేడుతో ఒక్క దఫా నయం. గీసుకున్నాక చన్నీళ్లతో కడిగి, తువ్వాలుతో రుద్దకుండా అద్దుకోండి. కత్తిని కడిగి, తుడిచి, ఆరబెట్టి దాచండి. తడిగా మూసిపెడితే బోరు నీళ్ల ఉప్పుకు రెండు రోజుల్లో తుప్పు పడుతుంది.

చదివితే వచ్చే విద్య కాదిది, చేతికి రావాలి. అందుకని వార్షికోత్సవం రోజు మధ్యాహ్నం భోజనాలు అయ్యాక, ఆటల పోటీలకు ముందు, కుళాయిల దగ్గర ఒక గంట కూర్చుంటాం. మొయినాబాద్‌లో సెలూన్ నడుపుతున్న మన పాత విద్యార్థి ఒకరు ఉస్తరాతో వస్తానన్నారు. మొదట ఎవరి ముఖం మీదా కత్తి పెట్టనివ్వం. గాలి ఊదిన బుడగకు నురగ పూసి, పగలకుండా ఆ నురగంతా తీసేయాలి. చేతి బరువు పడిందో లేదో బుడగే చెబుతుంది. వచ్చే తమ్ముళ్లు ఒక్కొక్కరు రెండు బుడగలు, ఒక పాత చొక్కా తెచ్చుకోండి. బ్లేడ్లు మేము తెస్తాం, మనిషికి ఒకటి.